పిల్లల అడ్రినల్ గడ్డను స్కానింగులో తేల్చడం: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆగాలి

"పన్నెండు రోజుల పాప, కుడి కిడ్నీ పైన మూడు సెంటీమీటర్ల గడ్డ. సీటీ రాసేయమంటారా?" జిల్లా స్కానింగ్ సెంటర్లలో కూర్చునే సోనాలజిస్టుల నుంచి, హైదరాబాద్‌లో పీజీ చేస్తున్న పిల్లల డాక్టర్ల నుంచి పదేపదే వచ్చే ప్రశ్న ఇది. అడ్రినల్ అంటే కిడ్నీ పైన ఉండే హార్మోన్ల గ్రంథి. ఆ వయసులో జవాబు చాలాసార్లు "ఇప్పుడే వద్దు" అనే. అదే ప్రశ్న రెండేళ్ల బాబు గురించి అడిగితే జవాబు "ఈ వారమే, కానీ ముందు బీపీ చూసి, మూత్రం పట్టి పంపించి".

కొత్తగా రిపోర్టులు రాస్తున్న రేడియాలజిస్టులనూ, పిల్లల వార్డులో పనిచేసేవాళ్ళనూ ఉద్దేశించి రాసింది ఇది. తల్లిదండ్రులు చదివినా తప్పులేదు. రిపోర్టులో ఉన్న మాటలు అర్థమవుతాయి. దీన్ని పట్టుకుని సొంతంగా నిర్ణయాలు మాత్రం తీసుకోవద్దు.

దగ్గర ఉండాల్సినవి

- నెలల పిల్లలకు 9 నుంచి 15 మెగాహెర్ట్జ్ లీనియర్ ప్రోబ్, పెద్ద పిల్లలకు 5 నుంచి 8 మెగాహెర్ట్జ్ కర్వ్‌డ్ ప్రోబ్. పెద్దల కడుపు చూసే 3.5 మెగాహెర్ట్జ్ ప్రోబ్ ఒక్కటే ఉంటే పసిపిల్లల అడ్రినల్ జోలికి పోవద్దు. వేరే సెంటర్‌కు పంపండి.
- గోరువెచ్చని జెల్. సీసాను వేడినీళ్ల గిన్నెలో కాసేపు ఉంచితే చాలు. ఏసీ గదిలో చల్లని జెల్ పొట్టమీద పడగానే బిడ్డ ఏడుస్తుంది, ఏడుపుతో గాలి మింగుతుంది, గాలితో మీకు ఏమీ కనబడదు.
- పిల్లల కఫ్‌లున్న బీపీ యంత్రం. కఫ్ వెడల్పు చేతి చుట్టుకొలతలో 40 శాతం దాకా ఉండాలి. చిన్న కఫ్ పెడితే లేని బీపీ కనిపిస్తుంది.
- కాన్పుకు ముందు తీసిన స్కాన్లు, ముఖ్యంగా టిఫా స్కాన్ (అయిదో నెలలో బిడ్డ అవయవాలు చూసేది), ఆ తర్వాత చివరి నెలల్లో తీసింది. పుట్టినప్పటి డిశ్చార్జి సమ్మరీ.
- పాత సీటీ, ఎంఆర్ఐ ఉంటే డైకామ్ ఫైళ్లున్న (స్కాన్ అసలు బొమ్మలున్న) సీడీ లేదా పెన్‌డ్రైవ్. కిటికీకి ఆనించి ఫిల్మ్‌ను ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే దాని మీద కొలతలు తీయలేరు, రక్తనాళాలు చూడలేరు.

1. వయసును రోజుల్లో, నెలల్లో రాసుకోండి

"2 సం." అని గుండుగుత్తగా రాస్తే చాలదు. న్యూరోబ్లాస్టోమాలో (చిన్నపిల్లల్లో నరాల మూలకణాల నుంచి పుట్టే క్యాన్సర్) 18 నెలల గీతకు అటున్నారా ఇటున్నారా అన్నదాన్ని బట్టి చికిత్సే మారిపోతుంది.

పుట్టిన మొదటి వారాల్లో అడ్రినల్‌లో గడ్డ కనబడితే ముందు తలచుకోవాల్సింది గ్రంథిలోకి రక్తం కారి గడ్డకట్టడం. ఆ తర్వాత 5 ఏళ్ల దాకా మొదటి అనుమానం న్యూరోబ్లాస్టోమా మీదే. ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో దాదాపు 90 శాతం 5 ఏళ్ల లోపువాళ్లు. అడ్రినల్ పై పొరలో, అంటే కార్టెక్స్‌లో పుట్టే కణితి కూడా చిన్నపిల్లల్లోనే ఎక్కువ. కానీ అది సాధారణంగా చెప్పి మరీ వస్తుంది: మూడేళ్ల పాపకు జననాంగాల దగ్గర వెంట్రుకలు, మొటిమలు, గొంతు బొంగురు. బడికి వెళ్లే వయసు పిల్లల్లో బీపీతో కనబడితే ఫియోక్రోమోసైటోమా, అంటే బీపీ పెంచే హార్మోన్లు విడుదల చేసే కణితి. ఏ గోలా లేకుండా, పెద్ద పిల్లల్లో మెత్తగా ఒకే రీతిగా ఉంటే గాంగ్లియోన్యూరోమా, అంటే క్యాన్సర్ కాని నరాల కణితి.

ఒక హెచ్చరిక. పెద్దవాళ్ల అడ్రినల్ గడ్డలకు వాడే 10 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్ల (సీటీలో సాంద్రత కొలత) లెక్క, వాషౌట్ శాతాలు (ఎక్కించిన కాంట్రాస్ట్ గడ్డలోంచి ఎంత పోయిందన్న లెక్క) పిల్లలకు పనికిరావు. పెద్దల్లో అనుకోకుండా బయటపడే అడినోమా (క్యాన్సర్ కాని గడ్డ) మామూలు సంగతి, పిల్లల్లో అరుదు. వాషౌట్ కోసమని పిల్లను మళ్లీ మళ్లీ సీటీలోకి తోయడం వల్ల రేడియేషన్ తప్ప ఒరిగేదేమీ లేదు.

2. ప్రోబ్ పట్టుకునే ముందు పిల్లను చూడండి

అయిదు నిమిషాల పని. చీకటి గదిలో హడావుడిగా పొట్ట మాత్రం బయటపెట్టించి చూసేవాళ్లు ఇక్కడే సగం సమాచారం పోగొట్టుకుంటారు.

కళ్ల చుట్టూ కమిలినట్టు నల్లగా ఉందా? "ఎక్కడో పడ్డాడు సార్" అంటారు ఇంట్లోవాళ్లు. కణితి కంటి గూటి ఎముకలకు పాకినా అలాగే ఉంటుంది. కుంటుతున్నాడా, నడవనని మొండికేస్తున్నాడా? కనుగుడ్లు అదుపు లేకుండా అటూ ఇటూ ఎగురుతున్నాయా? చర్మం కింద నీలిరంగు గడ్డలున్నాయా? ముఖం గుండ్రంగా ఉబ్బిందా? ఒంటి మీద కాఫీరంగు మచ్చలున్నాయా? శరీరం ఒకవైపు పెద్దదిగా, నాలుక పెద్దదిగా ఉందా? పసిబిడ్డ అయితే కామెర్లు, పాలిపోవడం, వృషణాల సంచి నల్లబడటం చూడండి. కామెర్లు, రక్తం తగ్గడం, కుడివైపు గడ్డ ఈ మూడూ కలిస్తే అది రక్తస్రావమే అన్న నమ్మకం బాగా పెరుగుతుంది.

కుటుంబంలో చిన్నవయసు క్యాన్సర్లు, థైరాయిడ్ క్యాన్సర్, చిన్నతనంలోనే బీపీ ఉన్నాయేమో అడగండి. మేనరికం గురించి కూడా అడగండి, నొచ్చుకోకుండా. రెండువైపులా అడ్రినల్స్ పెద్దవైనప్పుడు ఆ ఒక్క జవాబు దారి చూపిస్తుంది. అది నాలుగో మెట్టులో వస్తుంది.

బీపీ కొలిచి రిపోర్టులో రాయండి. ఈ అంకె లేకుండా కాంట్రాస్ట్ (బొమ్మ స్పష్టంగా రావడానికి ఎక్కించే మందు) ఇచ్చే గదిలోకి గానీ, బయాప్సీ బల్ల మీదికి గానీ పంపొద్దు.

3. అల్ట్రాసౌండ్: ఎక్కడ పెట్టాలి, ఏం కొలవాలి

పసిబిడ్డకు పాలు పట్టించి చూడండి, కడుపు మాడ్చొద్దు. పెద్ద పిల్లలకు 3, 4 గంటలు ఏమీ పెట్టకపోతే గ్యాస్ తగ్గుతుంది. ఊళ్ల నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చినవాళ్లయితే ముందే ఏమీ తినలేదు. వాళ్లను వరుసలో ముందు పిలవండి.

కుడివైపు నడుమ చంక గీత మీద నుంచి కాలేయాన్ని కిటికీగా వాడి చూడండి. గ్రంథి కాలేయానికి, డయాఫ్రమ్ క్రస్‌కు మధ్య, ఇన్ఫీరియర్ వీనాకేవా (శరీరం కింది భాగం రక్తాన్ని గుండెకు తెచ్చే పెద్ద సిర) వెనక ఉంటుంది. ఎడమవైపు ఇంకాస్త వెనక్కి జరిగి ప్లీహం, కిడ్నీల మధ్య సందులోంచి చూడాలి. ఎడమది ఎప్పుడూ కష్టమే. జీర్ణాశయం అడ్డొస్తుంది.

పసిబిడ్డ అడ్రినల్ చాలా పెద్దదని గుర్తుపెట్టుకోండి. పుట్టినప్పుడు కిడ్నీలో మూడోవంతు దాకా ఉంటుంది. నల్లని కార్టెక్స్ మధ్యలో తెల్లని మెడుల్లా (లోపలి భాగం) గీత, తిరగేసిన వీ ఆకారం. మొదటి వారాల్లోనే వేగంగా కుంచించుకుపోతుంది. దీన్నే "గడ్డ" అని రాసి తల్లిని ఏడిపించిన రిపోర్టులు తక్కువేమీ కాదు. ఆ వైపు కిడ్నీయే లేకపోతే అడ్రినల్ పళ్లెంలా బల్లపరుపుగా పడుకుని ఉంటుంది. అదీ గడ్డ కాదు.

మూడు కొలతలు సెంటీమీటర్లలో తీసి గుణించి, 0.52తో హెచ్చవేయండి. వచ్చేది మిల్లీలీటర్లలో ఘనపరిమాణం. ఉదాహరణకు 4.0 × 3.2 × 3.0 అయితే దాదాపు 20 మి.లీ. ఒక్క వ్యాసం మాత్రమే రాసే అలవాటు మానండి. గుండ్రటి గడ్డ 3.0 సెం.మీ. నుంచి 3.5 సెం.మీ. అయితే కంటికి "కొంచెం పెరిగింది". ఘనపరిమాణం మాత్రం 14 నుంచి 22 మి.లీ.కి, అంటే సగానికి మించి పెరిగింది.

డాప్లర్‌లో (రక్తప్రవాహం చూసే పద్ధతి) స్కేల్‌ను సెకనుకు 3 నుంచి 5 సెం.మీ. దాకా దించండి, వాల్ ఫిల్టర్ తగ్గించండి. బిడ్డ నిద్రపోయినప్పుడు చూడండి. కాలేయానికి పెట్టిన సెట్టింగులతోనే చూసి "రక్తప్రసరణ లేదు" అని రాయడం తరచూ జరిగే తప్పు.

అదే బల్ల మీద కాలేయం మొత్తం, రెండో అడ్రినల్, మహాధమని చుట్టుపక్కల గ్రంథులు, పొత్తికడుపు కూడా చూడండి. నెలల పిల్లల్లో న్యూరోబ్లాస్టోమా కాలేయమంతా చల్లినట్టు పాకుతుంది. విడిగా గడ్డలు కనబడవు, కాలేయం పెద్దదై గరుకుగా మాత్రమే అనిపిస్తుంది. "హెపటోమెగాలీ" అని ఒక ముక్క రాసి వదిలేసిన రిపోర్టు వెనక అసలు జబ్బు ఉండిపోతుంది.

4. అది అడ్రినల్‌దేనా?

గడ్డ పేరు తర్వాత, ముందు ఊరు. పిల్ల ఊపిరి తీస్తున్నప్పుడు ప్రోబ్‌ను కదపకుండా చూడండి. గడ్డ కిడ్నీతో కలిసి కదులుతోందా, దాని మీద జారుతోందా? కాలేయంతో కలిసి కదిలితే కాలేయానిది కావచ్చు.

విల్మ్స్ కణితితో (పిల్లల కిడ్నీ క్యాన్సర్) పొరపాటు పడటం అన్నింటికంటే ఎక్కువ. విల్మ్స్ కిడ్నీలోంచే పుడుతుంది కాబట్టి మిగిలిన కిడ్నీ దాన్ని పీత డెక్కలా రెండువైపులా పట్టుకుంటుంది. న్యూరోబ్లాస్టోమా కిడ్నీని కిందికీ పక్కకీ నెడుతుంది, మహాధమనిని వెన్నెముక నుంచి పైకి లేపుతుంది, నడిగీత దాటుతుంది, రక్తనాళాలను చుట్టేసుకుంటుంది. విల్మ్స్ వాటిని తోసేస్తుంది, రీనల్ వెయిన్‌లోకి, వీనాకేవాలోకి దూరుతుంది. సున్నపు చుక్కలు న్యూరోబ్లాస్టోమా సీటీల్లో 80 నుంచి 90 శాతం దాకా కనబడతాయి, విల్మ్స్‌లో తక్కువ. ఊపిరితిత్తులకు ముందే పాకే అలవాటు విల్మ్స్‌ది. పెద్ద న్యూరోబ్లాస్టోమా కిడ్నీలోకే చొరబడితే ఈ లెక్కలన్నీ కలగాపులగం అవుతాయి. అప్పుడు మూత్రపరీక్షే తేలుస్తుంది.

ఎడమవైపు గడ్డ అయితే ఇంకో రెండు చూడండి. జీర్ణాశయం పైభాగం అడ్రినల్ గడ్డలా నటిస్తుంది. రెండు గుక్కల నీళ్లు తాగిస్తే లోపల సుడి తిరుగుతుంది, గుట్టు బయటపడుతుంది. పసిబిడ్డలో తెల్లగా, గట్టిగా, డయాఫ్రమ్ కింద కనబడే ముద్ద ఊపిరితిత్తి దారితప్పిన ముక్క కావచ్చు. దాన్ని సీక్వెస్ట్రేషన్ అంటారు. మహాధమని నుంచి నేరుగా దానికి వెళ్లే రక్తనాళం కోసం డాప్లర్‌లో వెతకండి. అయిదో నెల టిఫాలోనే కనబడిందంటే మొగ్గు దీని వైపు. చివరి మూడు నెలల్లో కొత్తగా, కుడివైపు, నీటితిత్తిలా కనబడితే న్యూరోబ్లాస్టోమా వైపు. పాత స్కాన్లు తెమ్మనేది ఇందుకే. డ్యూప్లెక్స్ కిడ్నీలో (రెండు భాగాలుగా ఉన్న కిడ్నీలో) నీరు నిండిన పైభాగం ఎటువైపైనా మోసం చేస్తుంది. దాని తోక యురేటర్‌లోకి (మూత్రనాళంలోకి) దిగుతుందేమో వెంబడించండి.

రెండువైపులా పెద్దవై, ఆకారం చెడకుండా మెదడు మడతల్లా ముడతలు పడి ఉంటే, అడ్రినల్ కొమ్మ మందం 4 మి.మీ. మించితే అది గడ్డ కాదు, పుట్టుకతో వచ్చే అడ్రినల్ హైపర్‌ప్లేసియా. జననాంగాలు చూసి, సోడియం, పొటాషియం, 17-హైడ్రాక్సీప్రొజెస్టెరాన్ ఆ రోజే పంపించండి. ఉప్పు జారిపోయే రకమైతే రెండో మూడో వారంలో బిడ్డ కుప్పకూలుతుంది. రెండూ పెద్దవై, ఆకారం నిలిచి, పూర్తిగా సున్నం పట్టి, కాలేయం ప్లీహం కూడా ఉబ్బి, బిడ్డ బరువు పెరగకపోతే వోల్మన్ జబ్బు (కొవ్వు అవయవాల్లో పేరుకునే జబ్బు). రెండూ తల్లి నుంచి, తండ్రి నుంచి చెరో లోపం అందితే వచ్చేవే. మేనరికం మాట అడగమన్నది ఇక్కడికోసమే.

5. పసిబిడ్డలో గడ్డ: ఆగి చూడటం

ఆలస్యం అమృతం విషం అంటారు గానీ, ఈ ఒక్క చోట ఆ మాట తిరగబడుతుంది.

పెద్ద బరువుతో పుట్టినవాళ్లలో, కాన్పు కష్టమైనవాళ్లలో, ఊపిరాడక ఇబ్బంది పడ్డవాళ్లలో అడ్రినల్‌లో రక్తం కారుతుంది. 70 శాతం దాకా కుడివైపే. 10 శాతం దాకా రెండువైపులా. మొదటి రోజుల్లో గడ్డకట్టిన రక్తం తెల్లగా, గట్టి గడ్డలాగే కనబడుతుంది. వారం తిరిగేసరికి మధ్యలో నల్లని గుంటలు పడతాయి, ఆ తర్వాత నీటితిత్తిలా అవుతుంది, కుంచించుకుపోతుంది. చివరికి అంచున సున్నపు గీత మిగలొచ్చు. లోపల రక్తప్రసరణ ఉండదు.

చేయాల్సింది ఇది:

(అ) మొదటి స్కాన్‌లో ఘనపరిమాణం, ఎంత భాగం గట్టిగా, ఎంత నీరుగా ఉందో, డాప్లర్ ఫలితం రాయండి. బొమ్మలు దాచండి.

(ఆ) మూత్రంలో వీఎంఏ, హెచ్‌వీఏ (న్యూరోబ్లాస్టోమా విడుదల చేసే రసాయనాల అవశేషాలు) పరీక్షకు పంపండి.

(ఇ) 7 నుంచి 10 రోజులకు మళ్లీ చూడండి. ఆపై 3, 4 వారాలకోసారి, పూర్తిగా పోయేదాకా. వీలైనంతవరకు అదే యంత్రం, అదే మనిషి.

(ఈ) రెండువైపులా రక్తం కారితే గ్లూకోజ్, సోడియం, పొటాషియం, కార్టిసాల్ చూడాలి. ఇది వారం ఆగే పని కాదు.

సరైన దారిలో ఉంటే 20 మి.లీ. ఉన్నది నెలలోపే అయిదారు మి.లీ.కి దిగిపోయినా ఆశ్చర్యం లేదు. తగ్గకుండా అలాగే ఉన్నా, గట్టి భాగం పెరిగినా, లోపల నాళాలు కనబడినా అనుమానించండి. ఇక్కడ రెండు ఉచ్చులున్నాయి. నీటితిత్తిలా ఉండే న్యూరోబ్లాస్టోమా ఉంది. న్యూరోబ్లాస్టోమాలోకే రక్తం కారొచ్చు. అందుకే ఒక్క స్కాన్‌లో "ప్రసరణ లేదు, రక్తమే" అని తేల్చేయకండి. ఈ వయసులో మూత్రపరీక్ష మామూలుగా వచ్చినా అది న్యూరోబ్లాస్టోమాను పూర్తిగా కొట్టిపారేయదు.

అది చిన్న న్యూరోబ్లాస్టోమాయే అయినా కొంపమునిగిపోదు. 6 నెలల లోపు పిల్లల్లో, అడ్రినల్ దాటి పాకకుండా, గట్టి గడ్డ 16 మి.లీ. (దాదాపు 3.1 సెం.మీ.) మించకుండా, లేదా కనీసం పావువంతు నీరున్న గడ్డ 65 మి.లీ. (దాదాపు 5 సెం.మీ.) మించకుండా ఉంటే కోయకుండా గమనించే పద్ధతిని అమెరికాలో పరీక్షించి, ఫలితాలు 2012లో ప్రచురించారు. అందులో చాలామంది పిల్లలకు ఆపరేషనే అవసరం కాలేదు. మూడేళ్ల తర్వాత అందరూ బతికే ఉన్నారు. ఘనపరిమాణం 50 శాతం పెరిగినా, మూత్రంలో అంకెలు 50 శాతం పెరిగినా, హెచ్‌వీఏ, వీఎంఏ నిష్పత్తి 2 దాటినా ఆపరేషన్‌కు పంపారు. ఈ గీతలు గుర్తుంటే మీ రిపోర్టులో ఘనపరిమాణం ఎందుకు ఉండాలో వేరే చెప్పక్కర్లేదు. గమనించాలా వద్దా అన్నది మాత్రం పిల్లల క్యాన్సర్ డాక్టర్, సర్జన్ కలిసి తేల్చాలి. ఫోన్ నంబరు సరిగా తీసుకోండి. రెండో స్కాన్‌కు రాని కుటుంబాన్ని పిలిపించలేకపోతే ఈ పద్ధతికే అర్థం లేదు.

తల్లికి చెప్పేటప్పుడు ఇలా చెప్పొచ్చు: "కాన్పప్పుడు లోపల కారిన రక్తంలా ఉందమ్మా. అలాగైతే దానంతటదే కరిగిపోతుంది. అవునో కాదో తెలియాలంటే వచ్చే వారం మళ్లీ చూడాలి, తప్పక రావాలి." "ఏం లేదు, భయపడకండి" అని మాత్రం అనకండి. ఏం లేదన్నాక మళ్లీ ఎవరొస్తారు?

6. మూత్రం, రక్తం

న్యూరోబ్లాస్టోమాకు వీఎంఏ, హెచ్‌వీఏ. 24 గంటల మూత్రం పట్టాలని పసిపిల్లలను సంచులతో హింసించొద్దు. ఒక్కసారి పట్టిన మూత్రంలో క్రియాటినిన్ నిష్పత్తితో చూస్తే సరిపోతుంది. ఆమ్లం కలపాలా, ఐసులో పంపాలా, ఎండ తగలకుండా చుట్టాలా అన్నది ల్యాబ్‌ను ముందే అడగండి. గది వేడిలో గంటలకొద్దీ ఉన్న నమూనాలో అంకె తక్కువ వస్తుంది.

బీపీ ఉంటే ప్లాస్మాలో గానీ మూత్రంలో గానీ మెటనెఫ్రిన్లు (ఫియోక్రోమోసైటోమా హార్మోన్ల అవశేషాలు). రక్తం తీసేముందు పిల్లను 20, 30 నిమిషాలు పడుకోబెట్టాలి. జలుబు సిరప్‌లలోని ఫినైలెఫ్రిన్, సూడోఎఫెడ్రిన్ అంకెలను చెడగొడతాయి. "మందులేమైనా వాడుతున్నారా" అంటే లేదంటారు. "జలుబుకు మెడికల్ షాపులో ఏమైనా తెచ్చారా" అని అడగండి.

మగలక్షణాలో, ముఖం ఉబ్బో ఉంటే డీహెచ్ఈఏ-ఎస్, టెస్టోస్టెరాన్, కార్టిసాల్ హార్మోన్లు.

7. సీటీయా, ఎంఆర్ఐయా?

రెండూ వద్దు, ఒకటి చాలు. మత్తు ఇవ్వగల మనిషి, సమయం ఉంటే ఎంఆర్ఐ. రేడియేషన్ లేదు, వెన్నుపాము గొట్టం, ఎముక మజ్జ బాగా కనబడతాయి. మత్తు కుదరకపోయినా, బిడ్డ స్థిరంగా లేకపోయినా, వరుస మూడు వారాలున్నా సీటీ. మూడు వారాలు కూర్చోబెట్టడం కన్నా ఈ రోజు ఒక మంచి సీటీ మేలు.

సీటీ అయితే ఒకే ఒక ఫేజ్, అంటే కాంట్రాస్ట్ ఇచ్చాక ఒకే విడత స్కాన్. ప్లెయిన్, ఆర్టీరియల్, వీనస్, డిలేడ్ అనే నాలుగు ఫేజుల పెద్దల ప్రోటోకాల్ మీద నొక్కకుండా టెక్నీషియన్‌కు ముందే చెప్పండి. కాంట్రాస్ట్ ఉన్నా సున్నపు చుక్కలు కనబడతాయి, ప్లెయిన్ అక్కర్లేదు. నాన్-అయానిక్ కాంట్రాస్ట్ కిలోకు 1.5 నుంచి 2 మి.లీ. పది కిలోల పిల్లకు 20 మి.లీ. మించదు. ఇచ్చిన 60, 70 సెకన్లకు స్కాన్. చిన్నపిల్లలకు 80 కేవీపీ (ఎక్స్-రే వోల్టేజీ), ఒళ్లున్న పెద్ద పిల్లలకు 100. ఛాతీ నుంచి తుంటి దాకా ఒకే పరుగులో. సర్జన్ రక్తనాళాల పటం అడిగితే ఫేజ్ మార్చండి, ఇంకోటి చేర్చకండి. కాన్యులా పనిచేస్తోందో లేదో సెలైన్‌తో చూశాకే కాంట్రాస్ట్. కాంట్రాస్ట్ చర్మం కిందికి పోతే స్కానూ పోతుంది, చెయ్యీ వాస్తుంది.

ఎంఆర్ఐ అయితే ఫ్యాట్ అణచిన టీ2 అడ్డంగా, నిలువుగా, టీ1, డిఫ్యూజన్, వెన్నెముక సాజిటల్ టీ2 రకం బొమ్మలు, ఆపై కాంట్రాస్ట్. గాడోలినియం కిలోకు 0.1 మిల్లీమోల్. ఇక్కడ సీసా చదవండి. 1 మోలార్ మందైతే కిలోకు 0.1 మి.లీ., 0.5 మోలార్ అయితే 0.2 మి.లీ. సీసా మారినప్పుడు లెక్క మార్చకపోతే డోసు రెట్టింపవుతుంది. పసిబిడ్డలో రక్తమా కణితా అన్న ప్రశ్నకే అయితే చాలాసార్లు టీ1లో తెల్లగా మెరిసే పాత రక్తమే జవాబు చెబుతుంది. గాడోలినియం ఆలోచించి ఇవ్వండి.

మూడు నెలల లోపు పిల్లలకు మత్తు లేకుండా కూడా కుదురుతుంది. 3, 4 గంటలు పాలివ్వకుండా ఉంచి, స్కాన్‌కు ముందు కడుపునిండా పట్టించి, చెవులు మూసి, దుప్పట్లో గట్టిగా చుట్టి పడుకోబెట్టండి. మత్తు ఇవ్వాల్సి వస్తే లెక్క వేరు: నీళ్లకు 2 గంటలు, తల్లిపాలకు 4, డబ్బాపాలు, గేదెపాలకు 6 గంటల విరామం. "కొంచెం పాలే కదా సార్" అని దారిలో పట్టిస్తారు. గదిలోకి తీసుకెళ్లే ముందు అమ్మమ్మను కూడా విడిగా అడగండి.

ఫియోక్రోమోసైటోమా అనుమానం ఉన్నా నాన్-అయానిక్ కాంట్రాస్ట్ ఇవ్వొచ్చు. ఇవ్వకూడనివి గ్లూకగాన్, మెటోక్లోప్రమైడ్. టీ2లో బల్బులా మెరిస్తేనే ఫియో అనుకోవద్దు. మెరవనివీ ఉన్నాయి.

8. రక్తనాళాల లెక్క

న్యూరోబ్లాస్టోమా అనుమానమైతే సర్జన్ మీ రిపోర్టులో వెతికేది సైజు కాదు, కోస్తే ప్రమాదం ఎక్కడ అన్నది. ఒక్కో నాళం పేరు పెట్టి రాయండి: సీలియాక్, సుపీరియర్ మీసెంటెరిక్ (జీర్ణాంగాలకు రక్తం తెచ్చే ధమనులు), రెండు రీనల్ ధమనులు, మహాధమని, వీనాకేవా. ధమని చుట్టుకొలతలో సగానికి మించి కణితి కమ్మితే "చుట్టేసింది" అనండి. సగం లోపైతే "తాకుతోంది". మధ్యలో కొవ్వు పొర కనబడితే "విడిగా ఉంది". సిర మాత్రం నలిగి లోపలి దారి కనబడకపోతే చుట్టేసినట్టే. కిడ్నీ నాళాలకు మినహాయింపు ఉంది. వాటిని తాకినా ప్రమాద సూచికే.

తర్వాత వెన్నెముక రంధ్రాల్లోంచి లోపలికి దూరిందా, గొట్టంలో మూడోవంతుకు మించి ఆక్రమించిందా? కాలేయం, కిడ్నీ, డయాఫ్రమ్, క్లోమం వైపు చొచ్చుకుపోయిందా? కడుపులోంచి ఛాతీలోకి పాకిందా? ఏ ప్రమాద సూచికా లేకపోతే స్టేజీ ఎల్1, ఒక్కటున్నా ఎల్2. దూరం పాకితే ఎం. 18 నెలల లోపు బిడ్డలో చర్మం, కాలేయం, కొద్దిగా మజ్జకు మాత్రమే పాకితే ఎంఎస్. ఈ స్టేజీ ఆపరేషన్‌కు ముందు స్కాన్ల మీదే వేస్తారు. మీ పొరపాటు నేరుగా స్టేజీ పొరపాటవుతుంది.

9. ఎంఐబీజీ, ఆ తర్వాత బయాప్సీ

ఎంఐబీజీ (స్కాన్ కోసం ఎక్కించే రేడియోధార్మిక మందు) న్యూరోబ్లాస్టోమాల్లో దాదాపు పదింట తొమ్మిదింటికి అంటుకుంటుంది. అయోడిన్-123తో చేస్తే బొమ్మ బాగుంటుంది. అది అందని చోట 131 వాడతారు. ముందురోజు నుంచే పొటాషియం అయొడైడ్ లేదా లుగోల్ ద్రావణంతో థైరాయిడ్‌ను కాపాడాలి. జలుబు సిరప్‌లు, లాబెటలాల్ అనే బీపీ మందు, కొన్ని డిప్రెషన్ మందులు అంటుకోనివ్వవు. ఎన్ని రోజుల ముందు ఆపాలో న్యూక్లియర్ మెడిసిన్ వాళ్లను అడగండి. బీపీ మందును మీ అంతట మీరు ఆపొద్దు. అంటుకోని పదోవంతుకు ఎఫ్‌డీజీ పెట్ స్కాన్. గాంగ్లియోన్యూరోమాకూ, ఫియోకూ కూడా ఎంఐబీజీ అంటుకోవచ్చు కాబట్టి "పాజిటివ్, కనుక న్యూరోబ్లాస్టోమా" అని రాయకండి.

మెటనెఫ్రిన్ల ఫలితం రాకుండా, బీపీ ఉన్న పిల్ల గడ్డలో సూది దించొద్దు. ఫియో అయితే బీపీ ఒక్కసారిగా ఆకాశానికి ఎగుస్తుంది. కార్టెక్స్ కణితి అనుకున్నా సూది వద్దు. పొర చిరిగి కణాలు చిందుతాయి, దాన్ని మొత్తంగా తీసేయడమే పద్ధతి.

పంపే ముందు ఒకసారి సరిచూసుకోండి

- కుడి, ఎడమ తిరగబడలేదు కదా? ఇలాంటి తారుమారు పొరపాట్లు కాపీ-పేస్ట్ టెంప్లేట్ల వల్ల జరగొచ్చు.
- మూడు కొలతలు, మి.లీ. రాశారా? పాత స్కాన్ అంకె పక్కనే రాశారా?
- రెండో అడ్రినల్, కాలేయం, వెన్నెముక గొట్టం గురించి ఒక్కో వాక్యం ఉందా?
- సీటీని బోన్ విండోలో చూశారా? తుంటి ఎముకలు, వెన్నుపూసలు, పక్కటెముకలు.
- మీరు రాసిన జబ్బు ఆ వయసుకు, ఆ బీపీకి, ఆ మూత్రపరీక్షకు పొసుగుతోందా? పొసగకపోతే బొమ్మలు మళ్లీ చూడండి.

చివర్లో "అడ్వైజ్డ్ సీటీ" అన్న రెండు ముక్కలు రాసి చేతులు దులుపుకోకండి. ఎక్కడికి, ఎన్ని రోజుల్లో వెళ్లాలో రాయండి. ప్రభుత్వంలో అయితే హైదరాబాద్‌లోని లక్డీకాపూల్ దగ్గర రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ పిల్లల ఆసుపత్రి, క్యాన్సర్ అని తేలితే దానికి నడిచేంత దూరంలో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. పంజాగుట్టలో నిమ్స్ ఉంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. డబ్బుల్లేవని ఊరికి తిరిగి వెళ్లిపోయే తండ్రికి స్కానింగ్ గదిలోనే ఆ సంగతి చెప్పండి.

పసిబిడ్డ రిపోర్టు చివరి భాగం ఇలా ఉంటే చాలు:

"12 రోజుల ఆడశిశువు. కుడి అడ్రినల్‌లో 4.0 × 3.2 × 3.0 సెం.మీ. (20 మి.లీ.) గడ్డ, మూడోవంతు ద్రవం. తక్కువ స్కేల్ డాప్లర్‌లోనూ లోపల ప్రసరణ లేదు. ఎడమ అడ్రినల్, కాలేయం మామూలుగా ఉన్నాయి. బీపీ వయసుకు తగినట్టు ఉంది. కామెర్లు ఉన్నాయి. రక్తస్రావానికే ఎక్కువ మొగ్గు, నీటితిత్తి న్యూరోబ్లాస్టోమాను ఇంకా తోసిపుచ్చలేం. మూత్రంలో వీఎంఏ, హెచ్‌వీఏ పంపాలి. 7 నుంచి 10 రోజుల్లో ఇదే సెంటర్‌లో మళ్లీ అల్ట్రాసౌండ్. ప్రస్తుతం సీటీ అవసరం లేదు. తల్లికి వివరించాం, ఫోన్ నంబరు రిజిస్టరులో ఉంది."